పన్నెండు టోపీల పూజ

ఖండే నవమి, అంటే సోలాపూర్‌లో ఆయుధ పూజ నాడు, పోచయ్య వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పొద్దున్నే సైటుకు పోవాలి. పనివాళ్లు రాకముందే టోపీలకు పూజ చేయాలి. పుణె నుంచి కంపెనీ సాహెబు వచ్చేసరికి పన్నెండు తలల మీద పన్నెండు టోపీలు నిగనిగలాడాలి. సాహెబు చూసి తల ఊపితే చాలు, పోచయ్యకు సేఫ్టీ ముకాదం, అంటే మేస్త్రీ పోస్టు పక్కా. ఊపకపోతే మళ్లీ దాజీ పేట్‌లో తువ్వాళ్ల మూటలు మోయడమే.

టోపీలంటే ఎండకు పెట్టుకునేవి కావు, హెల్మెట్లు. అశోక్ చౌక్ దగ్గర వెనకట పోచయ్య పవర్‌లూమ్ నడిపిన కార్ఖానాను కూల్చి ఏడంతస్తుల బిల్డింగు లేపుతున్నారు. ఆయన నడిపిన మగ్గం తుక్కుకు పోయింది. ఆయన మిగిలిపోయాడు, తుక్కువాడు మనుషుల్ని తూకానికి కొనడు గనుక. ఆ బిల్డింగు కంపెనీవాళ్లే ఈ కొత్త రకం హెల్మెట్లు పంపారు. లోపల నుదురు ఆనే చోట చిన్న అద్దం బిళ్ల ఉంటుంది. అది మనిషి నాడి చూస్తుంది, ఒంటి వేడి చూస్తుంది, ఎండకు సోలితే చెబుతుంది. బిళ్లకు ఏదైనా ఆనితేనే లోపల తల ఉందనుకుంటుంది, లేకపోతే ఊరుకుంటుంది. తలకు దెబ్బ తగిలి, ఆ తరువాత మనిషి కదలక, నాడి కూడా దొరక్కపోతే, ఎవరినీ అడగకుండా తనే పుణెకు, సేఫ్టీ ఇంజినీరుకు, ఆంబులెన్సుకు కబురు పెడుతుంది. సోలాపూర్‌కు వలస వచ్చిన మా తెలుగు నేతవాళ్లు తరాల తరబడి మగ్గాల మధ్య దూదిపొట్టు మింగి దగ్గుతుంటే, ఏమైందిరా అని అడిగిన యంత్రం ఒక్కటీ లేదు. ఇప్పుడు ఇటుకలు మోసేవాడి నాడి పుణెలో కనపడుతోంది. రోజులు మారాయనే అనుకోవాలి.

"టోపీలకు పూజేందయ్యా, జనాలు నవ్వరా?" అంది కమల, ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ.

"మిషిన్‌కు పూజ చెయ్యకుంట నడిపిస్తరానే ఎక్కడన్న? మొన్న రెండు టోపీలు బందు వడ్డయి. దిష్టి గాకుంటె ఏందది?"

"చార్జింగ్ వెట్టుడు మరిస్తె బందు వడవా?"

"నువ్వు బీడీలు చుట్టుకో. టెక్నాలజీ నీకేం సమజైతది?" అన్నాడు పోచయ్య, నాలుగో తరగతిలోనే బడికి దండం పెట్టి వచ్చిన మనిషి. పసుపు, కుంకుమ, బంతిపూలు, కొబ్బరికాయ సంచీలో వేసుకుని బయలుదేరాడు.

పనివాళ్లంతా మావాళ్లే, మగ్గాలు పోయి తాపీ పట్టినవాళ్లు. పూజ అయ్యేదాకా పైకి రావద్దు, చౌక్‌లో చా తాగుతూ ఉండండని వాళ్లకు ముందే చెప్పాడు. నాలుగో అంతస్తు స్లాబు మీద ఒక చెక్క పలక వేసి, దాని మీద పన్నెండు టోపీలను వెల్లకిలా వరసగా పేర్చాడు. ఇక బొట్లు పెట్టాలి. మగ్గానికైతే ముందు భాగాన పెడతారు. టోపీకి ముందు భాగం ఏదంటే నుదురే. నుదురు దగ్గర దేవుడే చేసి పెట్టినట్టు గుండ్రటి అద్దం బిళ్ల ఉంది. పన్నెండు బిళ్లల మీద పన్నెండు బొట్లు, పసుపు తడి చేసి, కుంకుమ దట్టంగా అద్ది మరీ పెట్టాడు. పనితనంలో పోచయ్యకు వంక పెట్టలేం.

మావాళ్లకు ఇంకో పట్టింపు ఉంది. ఆగిన మగ్గానికి పూజ చేయరు. నడుస్తున్న మగ్గానికే చేయాలి, లేకపోతే అది ఏడాదంతా ఆగుతుందని భయం. అన్ని మగ్గాలూ నడుస్తుండగానే పూజలు అందుకున్నాయి, అందుకుని అన్నీ తుక్కుకే పోయాయి, అది వేరే సంగతి. పోచయ్య పన్నెండు టోపీలకూ మీట నొక్కాడు. పచ్చ దీపాలు వెలిగాయి. పూలు వేశాడు, ఊదుబత్తి తిప్పాడు, కొబ్బరికాయ ఎత్తి పలక అంచు మీద ఠపీమని కొట్టాడు.

కాయ రెండుగా పగిలింది. పలక మీద టోపీలన్నీ ఒక్కసారి ఎగిరిపడ్డాయి. ఆ తరువాత కదల్లేదు. పూజలో ఉన్నవి ఎందుకు కదులుతాయి? బిళ్లలకు ఆనింది కుంకుమ, దానికి నాడి ఎక్కడిది? పచ్చ దీపాలు పోయి పన్నెండు ఎర్ర దీపాలు టపటపా కొట్టుకోవడం మొదలుపెట్టాయి. పీ పీ మని అరుపు కూడా మొదలైంది గానీ, ఇరవై ఏళ్లు మగ్గం పక్కన నిలబడ్డ చెవులకు అంత సన్నటి చప్పుడు ఆనదు. పోచయ్యకు కనపడింది దీపాలే. దేవుడు పలికాడనుకుని కళ్లకు నీళ్లు పెట్టుకుని దండం పెట్టాడు.

అప్పుడే జేబులో ఫోను వణికింది. సేఫ్టీ ఇంజినీరు ప్రణాలి. మరాఠీ అమ్మాయి, ఆఫీసులో కూర్చుని తెర మీద పన్నెండు ఎర్ర చుక్కలు చూసి చెమటలు కక్కుతోంది. ఆమెకు తెలుగు రాదు. పోచయ్యకు మరాఠీ వచ్చు, ఎదుటివాడి పెదాలు కనపడితే.

"కాకా! సగళే పడలే కా?" అని అరిచింది. అందరూ పడిపోయారా అని.

మరాఠీలో 'పడలే' అంటే మన 'పడ్డారు' లాంటిదే. కానీ 'పార్ పడలం' అంటే శుభంగా ముగిసిందని. పూజలు, పెళ్లిళ్లు 'పార్ పడతాయి'. పూజలో మునిగిన మనిషి చెవికి 'పార్' ఎక్కడి నుంచో వచ్చి చేరింది.

"హో తాయీ! సగళం పార్ పడలం!" అన్నాడు సంబరంగా. సగం విన్న ఆ పిల్ల చెవిలో ఆ 'పార్' రాలిపోయింది.

"బారాచ్యా బారా?" పన్నెండుకు పన్నెండా?

"బారాచ్యా బారా! ఒక్కటి గూడ ఇడువలే!"

"తలలు..." అని మరాఠీలో ఏదో వణుకుతూ అడిగింది. పోచయ్యకు చివరి మాటే దొరికింది, ఫుటలం కా, పగిలిందా అని. కొబ్బరికాయ గురించి ఇంత శ్రద్ధగా అడిగే ఇంజినీరు దొరకడం అదృష్టం అనుకున్నాడు.

"ఏకా ఝటక్యాత్ ఫుటలం!" ఒక్క దెబ్బకు పగిలిందని గర్వంగా చెప్పాడు. "మస్తు శకునం మ్యాడం!"

"కాకా, తుమ్హీ?" మరి మీరు?

"మీ ఏకటాచ్ ఉభా ఆహే." నేనొక్కణ్ణే నిలబడ్డాను. అది మాత్రం అచ్చమైన నిజం.

ఫోను కట్ అయింది. అభినందించే తొందరలో కట్ చేసిందనుకుని పోచయ్య ప్రసాదం ముక్కలు కోయసాగాడు.

ఇక ఆ కబురును ఆపగలిగే యంత్రం సోలాపూర్‌కు ఇంకా రాలేదు. ప్రణాలి కాంట్రాక్టరు మంగేశ్‌కు ఫోను చేసింది. మంగేశ్ ఆంబులెన్సులకు చేశాడు, వాటికి టోపీలు అప్పటికే చేసి ఉన్నాయి, కనుక రెట్టింపు వచ్చాయి. మొదటి ఆంబులెన్సు చౌక్ మలుపులో సైరన్ కొట్టగానే, అక్కడ చా తాగుతున్న పన్నెండు మందీ గ్లాసులు పెట్టి నిలబడ్డారు.

"ఏడికి వోతున్నయిరా గివి?" అన్నాడు వాసుదేవ్. పన్నెండు మందిలో పెద్దవాడు, కొంచెం మాటకారి.

"మీ సైటుకే అంట. పన్నెండు మంది పైనుంచి వడి అక్కడికక్కడే సచ్చిండ్రంట," అన్నాడు చా దుకాణంవాడు.

"అయ్యో రామా! ఎవలురా పాపం?" అని వాసుదేవ్ గుండె మీద చెయ్యి వేసుకున్నాడు. పన్నెండు మందీ తామెంత మందో లెక్కపెట్టుకోకుండా, చచ్చినవాళ్లను చూడటానికి ఆంబులెన్సుల వెనక పరుగెత్తారు. మధ్యలో ఒకడు ఏడ్చేశాడు కూడా.

ఆలోగా కబురు దాజీ పేట్‌కు చేరింది. ఆడవాళ్లు బీడీ ఆకులు ఒళ్లోంచి దులిపి లేచారు. వాసుదేవ్ భార్య లలిత చెప్పుల్లేకుండా వచ్చింది. ఆమె వెనక కమల. సైటు గేటు దగ్గర గుంపు, గుంపు మీద ఏడుపు. స్ట్రెచర్లు పట్టుకుని నాలుగో అంతస్తు ఎక్కినవాళ్లకు పైన కనపడింది ఇది: వరసగా పన్నెండు హెల్మెట్లు, వాటి మీద బంతిపూలు, ముందు ఊదుబత్తి, పగిలిన కొబ్బరికాయ, పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ పోచయ్య.

వెంట వచ్చిన హవల్దారు టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇతక్యా లవ్‌కర్?" అన్నాడు. ఇంత తొందరగానా? అప్పుడే దండలు కూడా వేసేశారా?

"అరే పోచయ్యా! బాడీలు ఏడున్నయిరా?" అని మంగేశ్ అరిచాడు. ముప్పై ఏళ్లు మావాళ్ల మధ్య బతికి తెలుగు నేర్చుకున్న మరాఠా.

"బాడీలేంది సేట్? ప్రసాదం దీస్కో."

ఈలోగా లలిత మెట్లెక్కి వచ్చి పోచయ్య అంగీ గల్లా పట్టుకుంది. "పన్నెండు మంది వడితె నువ్వొక్కనివి ఎట్ల నిలవడ్డవే? మా ఆయన్ని మింగి కొబ్బరి ముక్కలు వంచుతున్నవా?"

"ఓ లలితా, ఇడువు, ఇడువు! ఎవ్వలు వడలే!"

"నాకు అబద్దం చెప్తున్నవా?" అని ఆమె ఊపుతుంటే, గేటు దగ్గర గుంపులో ఇరుక్కుని ఆలస్యమైన వాసుదేవ్ వెనక నుంచి మెట్లెక్కి వచ్చాడు, ఇంకా కళ్లు తుడుచుకుంటూనే. "ఎవలు సచ్చిండ్రే?" అని భార్యనే అడిగాడు.

లలిత తిరిగి చూసింది. పోచయ్య గల్లా వదిలి మొగుడి వీపు మీద రెండు వేసింది. "సచ్చినవంటె చెప్పులు గూడ తొడుగకుంట ఉరికిన! ఈడ నువ్వు చా తాగి మూతి తుడుసుకుంట వస్తున్నవా?"

"చావనందుకు కొడ్తరానే ఎవలన్న?" అన్నాడు వాసుదేవ్.

పన్నెండు మందీ ఒక్కొక్కరే పైకి వచ్చారు. ఆఫీసు నుంచి పరుగెత్తుకొచ్చిన ప్రణాలి వాళ్లను వేలు పెట్టి లెక్కించింది, మళ్లీ లెక్కించింది, తరువాత ఒక టోపీ ఎత్తి అద్దం బిళ్ల మీద బొట్టును గోరుతో గీకింది. ఎర్ర దీపం ఆరింది. ఆమె పోచయ్య వైపు చూసిన చూపులో మరాఠీ, తెలుగు రెండూ లేవు. కమల మాత్రం మెట్ల దగ్గర నుంచే తల పట్టుకుంది. "చార్జింగ్ అనుకుంటె, కుంకుమా?" అంది.

పోచయ్యకు అప్పుడు మొత్తం సమజైంది. ముకాదం పోస్టు కళ్ల ముందే మెట్లు దిగి పోతుంటే, ఆ మెట్ల మీదే పుణె సాహెబు ఎక్కి వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో తాడు, తాడుకు కార్డు. ఆంబులెన్సులు చూశాడు, స్ట్రెచర్లు చూశాడు, హవల్దారును, జనాన్ని చూశాడు. గడియారం చూసుకున్నాడు.

"ఇంత ఫాస్ట్‌గానా?" అన్నాడు హిందీలో. "ఇది ఏమిటి?"

నిజం చెబితే నలుగురి ఉద్యోగాలు పోతాయి. ప్రణాలి ముందుకు వచ్చింది. "మాక్ డ్రిల్ సర్," అంది.

సాహెబు ముఖం విప్పారింది. "శాబాష్! ఇంత నిజంగా ఏ సైటులోనూ చేయలేదు. ఏడ్చేవాళ్లను కూడా పెట్టారే!" అటూ ఇటూ చూశాడు. "మరి గాయపడ్డవాడు ఏడి?"

మంగేశ్ చెయ్యి పోచయ్య భుజం మీద పడింది. "పండురా," అన్నాడు చెవిలో. "పండకుంటె ఇయ్యాల్నే ఇంటికి వోతవ్."

పోచయ్య స్ట్రెచర్ మీద పడుకున్నాడు. ముకాదం పోస్టు పోయిన దుఃఖం కొత్తది, అందుకని మూలుగు చాలా బాగా వచ్చింది. కళ్ల వెంట నీళ్లు కూడా కారాయి. ఆంబులెన్సు వాళ్లు కట్టు కట్టారు, నాలుగు అంతస్తులు మోసి దించారు. సాహెబు వెంట నడుస్తూ ఫోటోలు తీసుకున్నాడు. కింద దించాక వంగి చెయ్యి పట్టుకుని ఊపాడు.

"నీ పోస్టు పక్కా," అన్నాడు.

పోచయ్య లేచి కూర్చున్నాడు. "సేఫ్టీ ముకాదం గదా సాబ్?"

"ముకాదం దేనికి? టోపీలే అన్నీ చూసుకున్నాయి కదా. ఆ పోస్టు తీసేస్తున్నాం. కానీ ఇంత బాగా పడే మనిషి మాకు పుణెలో కూడా లేడు. ఇక మా ప్రతి సైటులోనూ డ్రిల్ రోజు నువ్వే."

ఇప్పుడు పోచయ్య పక్కా ఉద్యోగి. కంపెనీ బండి ఇంటికే వస్తుంది, తలకు కట్టు కట్టి తీసుకుపోతుంది, సాయంత్రం కట్టు విప్పి దించుతుంది. బీడీ ఆకులు తెచ్చుకునే చోట ఎవరైనా కొత్తవాళ్లు "మీ ఆయనది పక్కా నౌకరి అంట గద, ఏం పని చేస్తడు?" అని అడిగితే, కమల ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా చెబుతుంది:

"పడ్తడు."