మెకానిక్ మాటలో ఊనిక

ఏ లిఫ్టు ఎక్కడ ఆగినా సరే, ఇకమీదట ఇంగ్లీషు మాటల్లో ఊనిక, అంటే ఒత్తి పలికే చోటు, మాత్రం తప్పరాదని లిఫ్టులు బాగుచేసే కంపెనీ యాజమాన్యం సర్క్యులర్ జారీ చేసింది. సిబ్బంది హర్షధ్వానాలతో స్వాగతించారు. స్వాగతించినట్టు సంతకాలు ముందురోజే తీసుకున్నారు.

ఈ సంస్కరణ వచ్చి పడింది ఫోనక్క నెత్తిన. పదకొండేళ్లుగా ఫిర్యాదుల ఫోను ఎత్తుతున్న మనిషి. అవతలివాళ్ల ఊపిరి విని, లిఫ్టు ఎన్నో అంతస్తులో ఇరుక్కుందో చెప్పేస్తుందని మెకానిక్కులు అంటారు. అదేమీ అర్హత కాదని సర్క్యులర్‌లో స్పష్టంగా ఉంది.

ఉచ్చారణ నిపుణుడు చెక్క స్కేలుతో వేంచేశాడు. "ప్రతి మాటలోనూ ఒక ముక్క రాజు, మిగతావి బంట్లు. రాజును గట్టిగా పలకాలి, బంట్లను మింగెయ్యాలి" అని ఉపన్యసించి, ఊనిక పడ్డచోటల్లా బల్లమీద కొట్టాడు. మెకానిక్ అంటే 'కా' మీద దెబ్బ. ఇంజినీర్ అంటే 'నీర్' మీద. మేనేజర్ అంటే 'మే' మీద. ఇంజినీరుకు చివర్న, మేనేజరుకు మొదట్లో ఎందుకని ఎవరో అడిగారు.

"హోదాను బట్టి" అన్నాడు నిపుణుడు. అందరూ రాసుకున్నారు.

వారంలో పరీక్ష. తప్పితే గోడౌనుకు బదిలీ. ఫోనక్క ఇంట్లో గిన్నెలు తోముతూ "మె-కా-నిక్, మె-కా-నిక్" అని సాధన మొదలెట్టింది. అత్తగారు కంగారుపడి, "ఏమే, ఎక్కిళ్లా? కాసిని మంచినీళ్లు తాగు" అంది.

"ఎక్కిళ్లు కాదత్తయ్యా, ఉద్యోగం."

పరీక్షనాడు నిపుణుడు మార్కుల కాగితం పట్టుకుని, హెడ్‌ఫోన్ తగిలించుకుని పక్కనే కూర్చున్నాడు. ఫోను మోగింది. ఫోనక్క కంపెనీ రాసిచ్చిన ఇంగ్లీషు స్వాగతవచనం అందుకుందో లేదో, అవతల ఒక పెద్దావిడ గొంతు. "అమ్మా... లిఫ్టు ఆగిపోయింది... లైట్లు పోయాయి... ఊపిరాడట్లేదమ్మా..."

స్వాగతవచనంలో ఇంకా నాలుగు వాక్యాలున్నాయి. ఊనికలు పద్దెనిమిది. నిపుణుడు స్కేలు ఎత్తి సిద్ధంగా ఉన్నాడు.

ఫోనక్కకు గోడౌను కళ్లముందు కదిలింది. అయినా తెరమీద కనబడ్డ చిరునామా ఒక చేత్తో మెకానిక్కుకు చూపించి సైగ చేస్తూనే, "భయపడకండమ్మా. లోపలికి గాలొస్తూనే ఉంటుంది, లిఫ్టు పడిపోదు. తలుపు ముట్టుకోకుండా కింద కూర్చోండి. మావాడు బయల్దేరాడు. వచ్చేదాకా నేను ఫోను పెట్టను. చెప్పండి, ఇంట్లో ఎవరెవరున్నారు?" అంది.

పెద్దావిడ కోడలి దగ్గర మొదలుపెట్టింది. పన్నెండు నిమిషాలు గడిచినా కోడలి దగ్గరే ఉంది. తలుపు తెరుచుకున్న చప్పుడు వినబడ్డాకే ఫోనక్క ఫోను పెట్టేసింది.

నిపుణుడు పరిశీలించి చూడగా, స్వాగతవచనం వదిలేశాక ఆమె పలికిన ఇంగ్లీషు మాటలు 'లిఫ్టు', 'ఫోను' రెండే. వాటికీ చివర 'ఉ' తగిలించింది. సున్నా వేశాడు.

మూడోనాడు పెద్దావిడ స్వయంగా ఆఫీసుకు వచ్చి, ఫోనక్క రెండు చేతులూ పట్టుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. "నువ్వు లేకపోతే ఆ పెట్టెలోనే పోయేదాన్ని తల్లీ!" ఫోనక్కకు ప్రాణం లేచివచ్చింది. ఈవిడ ఒక్క మాట రాస్తే బదిలీ ఆగుతుందని, అభిప్రాయాల పుస్తకం తెచ్చి ముందుంచింది. ఆవిడ కళ్లజోడు సవరించుకుని, ఆలోచించి రాసింది.

"ప్రాణం కాపాడారు, సంతోషం. కాని ఫోనెత్తే అమ్మాయికి ఇంగ్లీషు రాదు. ఇంత పెద్ద కంపెనీకి అది నామోషీ. దయచేసి మార్చగలరు."

చక్కటి తెలుగు. గుండ్రటి అక్షరాలు. ఒక్క తప్పు లేదు.