అటాచ్‌మెంట్ ‘సి’ మామ్మ

ఇలా రండర్రా మనవలూ, దగ్గరగా కూకోండి. ఆ ఫోన్లు బోర్లా పెట్టండి. మనిషిని చెయ్యడానికి దేవుడికి పిడికెడు మట్టి సరిపోయింది. ఆ మనిషిని మనిషని ఒప్పుకోవడానికి మాత్రం నలభై రెండు పేజీల ఫారం కావాలి. ఆ ఫారం మలేషియాలో మన క్లాంగు ఊరి ఇంటికి వచ్చిన వైనం చెప్తాను.

పసిఫిక్ సముద్రం నడిమధ్యన ఒక దీవి. దాని మీద కరుణాసాగర సభ అనే చర్చి వాళ్ళు ఒక యూనివర్సిటీ నడుపుతున్నారు. మనం వెళ్ళేదీ ఆ సభ చర్చికే. టోంగా, సమోవా లాంటి దీవుల పిల్లల కోసం పెట్టినారట. పక్కనే ఉన్న ‘దీవుల పల్లె’లో పనిచేసిన వాళ్ళకి చదువు ఉచితం. పనంటే ఆకుల పావడా కట్టుకుని టూరిస్టుల ముందు ఆడాలి, పాడాలి, కొబ్బరికాయలు ఒలవాలి. (మా నాన్న నలభై ఏళ్ళు ఒలిచినాడు. ఏ యూనివర్సిటీ వాళ్ళూ కబురు పెట్టలేదు.) తరవాత తరవాత ఆసియా పిల్లలకీ తలుపు తీసినారు. మలేషియాకి రెండు సీట్లు. ఇక్కడి కాలేజీల్లో రెండేళ్ళు ప్రయత్నించి సీటు దొరకని నా మనవరాలు రేచల్‌కి ఆ రెండిట్లో ఒకటి కావాలి. ఆ పిల్లకి అదే ఆఖరి దారి.

ఫారంలో మొదటి ఇరవై పేజీలూ నడవడిక. అభ్యర్థి కాఫీ, టీ సేవించరాదు. ఇంటివారు సేవిస్తున్నచో అభ్యర్థి విచారం వ్యక్తం చేయవలెను. ఈ నిబంధనని మా పాస్టరు గిడియన్ గారు మా ఇంట్లో, మా గ్లాసులో, మా తేతారిక్ టీ తాగుతూ చదివి వినిపించినారు.

‘‘విచారంగా ఉందా అమ్మా?’’ అని రేచల్‌ని అడిగినారు.

‘‘ఉంది లా, అంకుల్.’’ (మాట చివర ‘లా’ తగిలించడం ఈ దేశం పిల్లల అలవాటు.)

ఆ గడి నిండింది. ఆయన గ్లాసు కూడా మళ్ళీ నిండింది.

ముప్పై ఒకటో పేజీలో చిక్కొచ్చింది. నాలుగు తరాల వంశవృక్షం కావాలి. పూర్వీకుల పేర్లు తెలియనివాడు పరలోకంలో ఎవరి పక్కన కూకోవాలో తెలియక తిరుగుతాడని సభ సిద్ధాంతం. అందుచేత పేరు, ఊరు, రుజువు. రేచల్ నన్ను అడగవచ్చు. అడగలేదు. మామ్మని అడిగితే మధ్యాహ్నం అన్నం దగ్గర మొదలుపెట్టి రాత్రి అన్నం దాకా చెప్తుందని భయం. (భయం సబబే.) బస్సెక్కి కువాలా సెలంగోర్ వెళ్ళి, మా వాళ్ళు కూలీ చేసిన పాత ఎస్టేటు రిజిస్టరు ఫొటో తీసుకొచ్చింది. అందులో మా తాత ఉన్నాడు: ‘కూలీ నంబరు 214.’

అదే ఫారం నింపే యాప్‌లో కొట్టింది. ‘పేరులో అంకెలు ఉండరాదు’ అన్నది యాప్. అక్షరాల్లో కొట్టింది. ఇంటిపేరు రెండువందల, పేరు పద్నాలుగు. యాప్ సంతోషించి, ‘మీ పూర్వీకుల పట్ల మీ శ్రద్ధకు ధన్యవాదాలు’ అన్నది.

వారం తిరక్కుండా వీడియోలో విచారణ పెట్టి, ఇంటి పెద్దగా నన్నూ కూకోమన్నారు. వంశవృక్ష నిర్ధారణ విభాగం ఉపాధ్యక్షురాలు, మెలే గారని టోంగా మనిషి. తెరంతా ఆవిడే. ఆవిడ ఇంగ్లీషు నాకు, నా తెలుగు ఆవిడకి రేచల్ చెప్పాలి.

‘‘పద్నాలుగు గారు ఏ ఊరివారు?’’ అని ఆవిడ ఎంతో మర్యాదగా అడిగింది.

‘‘ఏటంటందే?’’ అన్నాను.

‘‘మీ తాత ఊరు ఏదని, మామ్మా. పద్నాలుగుది.’’

‘‘పద్నాలుగేటే, ఒలే! ఆయన పేరు గవరయ్య! భీమిలి పక్క నుంచి ఓడెక్కినాడు. ఓడలో వాంతులు సేసుకుంటన్న పోలమ్మకి నీళ్ళిచ్చి, దిగినాక ఆ పిల్లనే మనువాడినాడు. ఆళ్ళ పెద్దోడు పైడయ్య మా నాన్న. కల్లు తాగితే పాటలు, తాగకపోతే తిట్లు. గవరయ్య తండ్రి సింహాద్రి, ఒంటి సెవోడు. ఆయన తండ్రి సన్నాసి, గొర్రె కోసం తమ్ముడితో మాట మానేసినాడు...’’

అలా ఎనిమిది తరాలు ఎక్కినాను. రేచల్ తెర వైపు తిరిగి, ‘‘మంచివాళ్ళట’’ అని చెప్పింది.

మెలే గారు కళ్ళజోడు తీసినారు. ‘‘మీ మామ్మ పదకొండు నిమిషాలు మాట్లాడింది. నువ్వు ఒక్క మాట చెప్పావు. మా దీవిలో మనవలూ ఇలాగే అనువాదం చేస్తారు.’’

రేచల్ తల దించుకుంది. ‘‘నాకు సగమే అర్థమవుతుంది, మేడమ్. మిగతా సగం తిట్లనుకుంటాను.’’

‘‘నోటిమాట చెల్లదు. కాగితం ఉందా?’’ అన్నది ఆవిడ.

‘‘కాగితం రాసినోడే కదమ్మా 214 అని రాసినాడు!’’ అన్నాను. ఈసారి రేచల్ ఒక్క ముక్క వదలకుండా చెప్పింది.

ఆవిడ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. తరవాత ఆ పేర్లే వెనక నుంచి ముందుకి చెప్పమన్నది. చెప్పినాను. ఆవిడ కూడా ఉండబట్టలేక బల్ల మీద చెయ్యి చరుస్తూ తనవి ముప్పై తరాలు వినిపించింది. నేను ఊఁ కొట్టినాను. ఆవిడ ఏడో తాత కూడా తమ్ముడితో మాట మానేసినాడట, పంది కోసం. అక్కడి నుంచి మేం వదినా మరదళ్ళమైపోయినాం.

అప్పుడు ఆవిడ నిబంధనల పుస్తకం తిరగేస్తే ఒక దారి దొరికింది. కాగితరూపంలో లేని రుజువును అసలు రూపంలోనే జతపరచవచ్చు. ఆ ప్రకారం నన్ను అటాచ్‌మెంట్ ‘సి’గా నమోదు చేసినారు. పేజీలు: ఒకటి. పరిస్థితి: మడతలు పడినది, చదవగలిగినది. నా ఫొటో మీద పాస్టరు గిడియన్ గారు అడ్డంగా సంతకం పెట్టి, ‘అసలుతో సరిపోల్చితిని’ అని రాసినారు. ఫైలు పెద్దదైందని యాప్ తిప్పి పంపితే, రేచల్ నన్ను రెండుసార్లు కుదించింది.

సీటు వచ్చింది. ఆ రోజు ఆ పిల్ల నన్ను ఎత్తి తిప్పినంత పని చేసింది. ఉత్తరంతోనే పని కూడా కేటాయించినారు. దీవుల పల్లెలో టోంగా గుడిసె. అక్కడ ఆకుల పావడా కట్టుకుని టూరిస్టులకి టోంగా వాళ్ళ ముప్పై తరాల పేర్లు చెప్పాలి. రేచల్ వాటిని పదకొండు రోజుల్లో చేతులూపడంతో సహా బట్టీ పట్టేసింది. మనవి అడిగితే పైడయ్య దాకా వచ్చి, ‘‘తరవాత ఎవరు లా, మామ్మా?’’ అంటుంది. పని మీద ఉన్న పిల్లని తప్పు పట్టకూడదు. వాటికైతే మార్కులున్నాయి.

ఉత్తరం అడుగున చిన్న అక్షరాలతో ఇంకో మాట ఉంది. అటాచ్‌మెంట్ ‘సి’ గడువు ఆరు నెలలు. ప్రతి ఆర్నెల్లకీ అసలును మళ్ళీ చూపించాలి. అసలుకి నకళ్ళు సిద్ధంగా ఉంచుకోమని సలహా కూడా ఇచ్చినారు. నాకు ఎనభై ఒకటి. యాప్ ఆ సంగతి ఎర్ర రంగులో చూపిస్తోంది.

అంచేత, నా నకళ్ళారా, అనండి నాతో. పైడయ్య, గవరయ్య, సింహాద్రి, సన్నాసి. గొర్రె సంగతి వదలొద్దు. గుర్తు పెట్టుకుని మీ పిల్లలకి చెప్పండి, వాళ్ళ పిల్లలకి చెప్పమనండి. ఎవరికీ గుర్తు లేకపోయినా రేచల్ సీటుకి ఢోకా లేదు, కంగారు పడకండి. కొత్త ఫారం చివర ఇంకో గడి పెట్టినారు: ‘జ్ఞాపకం ఉన్నవారు ఎవరూ లేరు.’ అది నొక్కితే చాలు.

దానికి మాత్రం రుజువు అడగరు.