జడ్జిగారి సమన్యాయం

గల్ఫ్‌కొచ్చి అబ్బాసియాలో ఉండే కోనసీమ జనానికి కుక్కుటేశ్వరరావు జడ్జిగారు. ఉద్యోగం ఓ కంపెనీలో స్టోర్‌కీపరే అయినా, శుక్రవారం సాయంత్రాలు మాత్రం మనవాళ్ల తగువులు తీర్చే పెద్దమనిషి. తీర్పు చెప్పేదాకా ఇరుపక్షాల దగ్గరా మంచినీళ్లయినా పుచ్చుకోడని పేరు. ఆ పేరంటే ఆయనకు ప్రాణం.

ఆ శుక్రవారం పొద్దున్నే ఊరిబయట కబ్ద్ తోటలకెళ్లి ఓ నాటుకోడి తెద్దామని బయల్దేరాడు. బస్సు రాలేదుగానీ ఏడుకొండలు కారు వచ్చి ఆగింది. సాయంత్రం తీర్చాల్సిన తగువు అతనిదే. గదిలో ఏసీ ఎంత చల్లగా ఉండాలన్న గొడవతో, తనతోపాటే ఉండే టైలర్ అచ్చిబాబుతో అతనికి వేసవి మొదలైననాటి నుంచీ మాటల్లేవు.

"ఎక్కండి జడ్జిగారూ, నేనూ అటే ఎల్తన్నానండి."

ఎండ చూసి, నియమం మరిచి ఎక్కేశాడు.

ఇంటికొచ్చేసరికి భార్య చిట్టెమ్మ గుమ్మంలోనే నిలేసింది. "ఏవండీ, ఏడుకొండలు కారులో ఊరేగారంట! అచ్చిబాబు చూసేడంట. పేరు గంగలో కలిపేసేరు కదా!"

"దాందేవుందే? అచ్చిబాబు దగ్గరా ఏదోటి పుచ్చుకుంటే సరి. త్రాసు సమానం!"

వెంటనే అచ్చిబాబు దుకాణానికెళ్లి, చొక్కాకు ఊడిన గుండీలు ఊరికే కుట్టించుకున్నాడు. అచ్చిబాబు మర్యాదకొద్దీ పెసరట్టు కూడా తెప్పించాడు. దాంతో త్రాసు అటు మొగ్గింది. ఏడుకొండలును వెతుక్కుంటూ వెళ్లి, అతని హల్వా తిని సరిచేశాడు. ఇంత నిక్కచ్చిగా తూకం చూసి తిన్న పెద్దమనిషి మరొకడుండడని లోలోపల పొంగిపోయాడు.

సాయంత్రం జనమంతా చేరారు. ఏడుకొండలు, అచ్చిబాబు ఒకే చాపమీద కూర్చున్నారు.

"ముందు మీ సంగతి తేలాలండి," అన్నాడు అచ్చిబాబు. "ఈడి హల్వా తిన్నారా?"

"తిన్నాను."

"ఈడి పెసరట్టో?" ఏడుకొండలు అందుకున్నాడు.

"అదీ తిన్నాను. సమానంగా!"

సభ గొల్లుమంది. నవ్వులు ఆగాక, వచ్చే దసరా దాకా జడ్జిగారు తీర్పులు చెప్పకూడదని అందరూ చేతులెత్తారు. కుక్కుటేశ్వరరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి. పేరు పోయింది.

"మరి మీ ఏసీ తగువో?" అన్నాడు నీరసంగా.

"అదెప్పుడో అయిపోయిందండి," అన్నాడు ఏడుకొండలు. "మిమ్మల్నెలా నిలదియ్యాలా అని మజ్జానం ఇద్దరం కూచున్నాం కదండీ. మాటల్లో, సల్లగా కావాల్సినోడు ఏసీ కిందకొచ్చేలా మంచాలు అటుదిటు మార్చేసుకున్నాం. ఆయ్!"

చిట్టెమ్మ మొగుడివంక చూసింది. ఆయన వెన్ను మెల్లగా నిటారైంది. ఛాతీ కూడా పొంగింది.

తన తీర్పులన్నింట్లోకీ గొప్పది అదేనని కుక్కుటేశ్వరరావు ఇప్పటికీ గర్వంగా చెబుతుంటాడు. అందులో ముద్దాయి ఎవరన్నది మాత్రం చెప్పడు.