మాత్రల వ్యతిరేక సంఘం, ఐసీయూ శాఖ

"మానవజాతి పతనం మొట్టమొదటి మాత్ర మింగిన రోజునే మొదలైంది!"

ఈ మహావాక్యం మా బావగారిది. ఆయన మాత్రల వ్యతిరేక సంఘానికి వ్యవస్థాపక, శాశ్వత, ఏకగ్రీవ అధ్యక్షులు. నేను కార్యదర్శిని. అక్క మొగుడు అధ్యక్షుడైతే బామ్మర్దికి ఆ పదవి తప్పుతుందా!

అంతటి మనిషి వార్షికోత్సవం ముగింపు సభలో ఉపన్యసిస్తూ ఉపన్యసిస్తూ వేదిక మీదే కూలబడ్డారు. సభికులు ముందు చప్పట్లు కొట్టారు. అంబులెన్సు సంగతి ఆ తర్వాత గాని ఎవరికీ తోచలేదు.

కాలి మీద పుండు. దానికి ఆయన రోజూ ఎండ చూపిస్తున్నారు. పుండు మానలేదు సరికదా, ఇన్ఫెక్షన్ రక్తానికెక్కింది. సెప్సిస్ అంది ఐసీయూ డాక్టరమ్మ. యాంటీబయాటిక్స్ ఇచ్చారు, సెలైన్లు ఎక్కించారు, బీపీ పెంచే మందు పెంచుకుంటూ పోయారు. జన్మలో ఎవరి మాటా వినని మా బావగారు బీపీ విషయంలోనూ అదే పద్ధతి పాటించారు.

డాక్టరమ్మ బయటికొచ్చింది.

"బీపీ నిలబడటం లేదు. ఇలాంటప్పుడు స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇస్తాం. ఇంతకుముందు ఆయన స్టెరాయిడ్లు ఏమైనా వాడారా?"

వరండా బల్లల మీది కార్యవర్గం యావత్తూ లేచి నిలబడింది!

"ఎంత మాటన్నారండీ! ఆ పుణ్యాత్ముడు దగ్గు మందు కూడా ఎరగడు" అన్నారు ఉపాధ్యక్షులు.

"అధ్యక్షుల వారి శరీరంలోకి స్టెరాయిడ్ ప్రవేశించరాదని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను" అంది కోశాధికారి మేడమ్.

"బలపరుస్తున్నాను" అన్నాను నేను. ఏం చేయను, అలవాటు!

"తీర్మానం కాపీ ఎవరికివ్వమంటారు? ఆయన గుండెకా?" అంది డాక్టరమ్మ.

అప్పుడు లేచింది మా అక్క. అంతసేపూ గోడకానుకుని కూర్చుని ఉంది.

"వాడేవారమ్మా. ఉబ్బసానికి. ఏళ్ళ తరబడి రోజూ మింగేవారు."

బావకి ఉబ్బసమా? ఊపిరి పీల్చుకోవడం ఎలాగో ఊరందరికీ నేర్పేది ఆయనే కదా!

"ఇప్పుడూ వాడుతున్నారా?"

"వార్షికోత్సవానికి వీళ్ళంతా మా ఇంట్లోనే దిగారు. చాటు దొరకలేదు. ఎవరైనా చూస్తే పరువు పోతుంది, వీళ్ళు వెళ్ళాక మింగుతాలే అని మానేశారు. మొత్తుకున్నాను, వినలేదు." అక్క కొంగుతో ముక్కు తుడుచుకుంది. "పరువు నిక్షేపంలా ఉందమ్మా. మనిషే దక్కేలా లేడు."

డాక్టరమ్మ ముఖం మారిపోయింది.

"ఒక్కసారిగా మానేశారా! అన్నేళ్ళు స్టెరాయిడ్ బయటినుంచి ఇస్తే ఒంటికి దాన్ని సొంతంగా తయారుచేసుకునే శక్తి పోతుంది. పైగా ఈ ఇన్ఫెక్షన్! అందుకే బీపీ లేవట్లేదు. ఇది ముందే చెప్పాలి కదండీ!" ఇంజెక్షన్ వెంటనే ఇమ్మని లోపలికి కేకేసింది. "వాడేది ఏ మాత్ర? ఎంత మోతాదు?"

అక్క సంచీ అడుగునుంచి కాగితప్పొట్లం తీసింది. పేరు కనపడకుండా బావగారు అట్ట ఎప్పుడో చించేశారు. లోపల చిన్న తెల్లటి మాత్ర.

ఉపాధ్యక్షులు మెడ చాచి చూశారు.

"పెద్ద మోతాదుదండీ. నాది ఇందులో సగముంటుంది."

అని నాలిక్కరుచుకున్నారు. అందరూ ఆయన వంక చూశారు.

"మోకాళ్ళకి" అన్నారాయన, నేల చూపులు చూస్తూ.

"ఇదేనేమో చూడండి డాక్టరుగారూ!" కోశాధికారి మేడమ్ హ్యాండ్‌బ్యాగ్‌లోంచి అట్ట తీసింది. "నాదీ అంతే ఉంటుంది. పేరు కూడా ఉంది."

ఇంకేముంది, జేబులన్నీ గలగలమన్నాయి! బీపీవి, షుగర్‌వి, గ్యాస్‌వి, నిద్రవి. నా జేబులో ఉన్నది ఉత్త తలనొప్పి మాత్ర, అది లెక్కలోకి రాదు. డాక్టరమ్మ మేడమ్ చేతిలోని అట్ట లాక్కుని లోపలికి పరుగెత్తింది.

చాలాసేపటికి నర్సు తలుపు తీసింది. "బీపీ నిలబడుతోంది. గండం గడిచినట్టే."

అక్క బల్ల మీద కూలబడి భోరుమంది. నేనూ ఏడ్చాను, సిగ్గేమిటి! ఏడ్చి ఏడ్చి, కళ్ళు తుడుచుకుని కార్యవర్గం వైపు తిరిగింది అక్క.

"మా ఇంట్లో ఉన్నన్నాళ్ళూ మీరంతా ఇవి ఎక్కడ మింగారండీ?"

"బాత్‌రూంలో" అన్నారు ఉపాధ్యక్షులు. "గడియ పెట్టుకుని. అధ్యక్షుల వారు చూస్తే ఏమనుకుంటారోనని."

అక్క నెత్తి బాదుకుంది.

"ఆయనా అక్కడే మింగుదామనుకున్నారు. ఎప్పుడు వెళ్ళినా లోపల మీలో ఎవరో ఒకరు ఉండేవారు!"