బ్యానర్ వెనక పువ్వు

కుర్చీల తాత భార్య ఏళ్ల తరబడి పెంచిన పువ్వును కాలనీ సంక్షేమ సంఘం ఒక్క రాత్రిలో కాజేసింది. ఇందులో వాదనకు తావు లేదు. సంఘం దీన్ని పుష్ప మహోత్సవం అంటుంది. సంఘం చేసే ప్రతి పనికీ మంచి పేరే ఉంటుంది.

ఆ మొక్క జెముడు జాతిదే. కానీ ఇసుకలో ఎండకు మాడే రకం కాదు. మబ్బులు కిందికి దిగే తడి అడవుల్లో చెట్టు బెరడు పట్టుకుని బతికే రకం. చెట్టు రసం పీల్చదు, ఒకరి సొమ్ము తినదు, నిలవడానికి కాస్త చోటిస్తే చాలంటుంది. అందుకే దానికి సంఘంలో సభ్యత్వం లేదు. చీకటి పడ్డాక పూస్తుంది, తెల్లారేసరికి వాడిపోతుంది.

తాత కుర్చీలు అల్లి బతికాడు. ఆయన భార్య ఎక్కడిదో ఒక ముక్క తెచ్చి, ఇంటి ముందు చెట్టుకు పాతగుడ్డ పేలికతో కట్టింది. రోజూ సాయంత్రం నీళ్లు చిలకరించేది. పూసిన రాత్రి ఇద్దరం కూర్చుని చూద్దామని తాత చేత రెండు కుర్చీలు అల్లించింది. కుర్చీలు తయారయ్యాయి. మొక్క పూయలేదు. ఆవిడ పోయింది. ఆవిడ పోయిన మరుసటి ఏడు అది మొగ్గ వేసింది. ఒకే ఒక్క మొగ్గ.

తాత ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు, ఒక్క బావమరిదికి తప్ప. బావమరిది సంఘం కార్యదర్శి. అంటే అందరికీ చెప్పినట్టే.

"ఇది మనింటి విషయం కాదు బావా. అక్క పేరు నలుగురి నోళ్లలో నానాలి."

"నానక్కర్లేదు. కుర్చీ వేసుకుని నేనొక్కణ్ణే చూస్తాను."

"నీదెప్పుడూ ఇదే వరస. అక్క నీతో ఎలా వేగిందో ఏమో!"

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. సదరు మొగ్గ విచ్చుకొనుటకు అభ్యంతరం లేదని ఏకగ్రీవంగా తీర్మానించింది. భోజనాల వేళకు ముందే విచ్చుకునేలా చూడవచ్చునా అని ఒక సభ్యుడు అడిగాడు. అది న్యాయమైన ప్రశ్నే కనుక ఉపసంఘం వేశారు. ఉపసంఘం వచ్చి మొగ్గను గంభీరంగా పరిశీలించింది. ఒకాయన బొటనవేలితో నొక్కి కూడా చూశాడు. మొగ్గ సహకరిస్తున్నదని నివేదిక ఇచ్చారు.

మొగ్గ ఉబ్బిన సాయంత్రం చెట్టు కింద వేదిక లేచింది. వేదికకు వెనక బ్యానర్ ఉండాలి, బ్యానర్ కట్టడానికి గట్టి ఆధారం ఉండాలి. ఆ చెట్టు కంటే గట్టిది అక్కడ మరొకటి లేదు. కాబట్టి చెట్టుకే కట్టారు, మొక్క మీదుగా, తాడు బిగించి మరీ. విచ్చుకోని పువ్వుకు ఫొటో ఎక్కడిది? ప్రింటింగు షాపువాడు తన దగ్గరున్న ఎర్ర గులాబీ వేసి ఇచ్చాడు. గులాబీ కంటే పెద్దగా అధ్యక్షుడి ముఖం. కింద ఒక మూల తాత భార్య ముఖం, అదీ కార్యదర్శి పట్టుబట్టాడు కనుక.

ఆవిడ కోసం అల్లిన కుర్చీలో అధ్యక్షుడు కూర్చున్నాడు. పక్క కుర్చీలో తాతను కూర్చోబెట్టారు, చెట్టుకు వీపు పెట్టి.

"ఈ పువ్వు మనకు ఏం నేర్పుతోంది?" అని అధ్యక్షుడు మైకును అడిగాడు. "చీకట్లోనూ మన సంఘం పని చేస్తుందని నేర్పుతోంది! దీని వేర్లు నేలలో లేవు. మన వేర్లు మాత్రం మీ గుండెల్లో ఉన్నాయి!"

చప్పట్లు మోగాయి. అంతలో వాసన వచ్చింది. చల్లగా, తియ్యగా, వేదిక అంతా కమ్ముకుంది. ముందు వరుసవాళ్లు అధ్యక్షుడి అత్తరును మెచ్చుకున్నారు. ఆయన వినయంగా తల వంచి ఆ మెప్పు అందుకున్నాడు.

తాత లేచాడు. బావమరిది చొక్కా పట్టుకుని లాగాడు.

"కూర్చో బావా! పెద్దమనిషి మాట్లాడుతుంటే ఏంటది, పరువు తీస్తావా?"

"వాసన తెలియట్లేదురా నీకు? విచ్చుకుంది."

"విచ్చుకుంటే ఎక్కడికీ పోదులే. తర్వాత మాట్లాడేది నువ్వే."

తర్వాత మాట్లాడింది ఉపాధ్యక్షుడు. ఆ తర్వాత మాజీ అధ్యక్షుడు. ఆ తర్వాత, మాట్లాడనని చెప్పడానికి కోశాధికారి. అందరూ అయ్యాక మైకు తాత చేతికిచ్చారు.

"పువ్వు ఈ బ్యానర్ వెనక ఉంది. తాడు విప్పండి," అన్నాడు తాత.

జనం చప్పట్లు కొట్టారు. పెద్దాయన గుండె బరువెక్కిందని వ్యాఖ్యాత వివరించాడు. తాత తానే ముడి విప్పబోతే కార్యకర్తలు ఇద్దరు జబ్బలు పట్టుకుని, నీళ్లు తాగించి, ఇంట్లో పడుకోబెట్టి, బయట గడియ పెట్టారు. దుఃఖంలో ఉన్నవాణ్ణి జాగ్రత్తగా చూసుకోవడం సంఘం ఆశయాల్లో ఒకటి.

బయట వందన సమర్పణ జరిగింది. గులాబీ ముందు వీధుల వారీగా ఫొటోలు దిగారు. వేదిక అద్దెవాళ్లు తెల్లవారుజామున వచ్చి బ్యానర్‌ను కూడా చాపలా చుట్టి బండిలో వేసుకుపోయారు. పువ్వు దాని వెనకవైపు అతుక్కుని అలాగే చుట్టలో పోయింది. బావమరిది వచ్చి గడియ తీసేసరికి చెట్టు మీద విరిగిన తొడిమ ఉంది.

తాత దాని ముందు నిలబడ్డాడు.

"నువ్వు చూశావా?"

"భలేవాడివే! కాలనీ మొత్తం చూసింది బావా. నువ్వే ఆవేశపడి పాడుచేసుకున్నావు."

"ఏ రంగు?"

"ఎరుపు! మంచి ఎరుపు. ఇదిగో, ఫోన్లో ఉంది చూడు."

ఎదురింటావిడ ఎరుపే అంది. ఉపసంఘం ఎరుపే అంది. మహోత్సవానికి రానివాళ్లూ ఎరుపే అన్నారు. ఆ ఫొటో మీ దాకా కూడా వచ్చే ఉంటుంది. మీరూ బాగుందనే పంపి ఉంటారు.

తెల్లగా పూస్తుందని ఆయన భార్య చెబుతుండేది. కానీ తాత తెలుపని వాదించలేదు. ఆయనా చూడలేదు కదా.

"ఈ పువ్వు మాట ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు," అన్నాడు బావమరిదితో. "నేనూ ఎత్తను."

ఎత్తలేదు.