వీగన్ వ్రతభంగం

మసేను ఫోన్ చేసిన రోజునే నేను జంతుప్రేమికుణ్ణయ్యాను. అంతకు ముందు రోజు దాకా జంతువుల మీద నాకున్న ప్రేమంతా పులుసులోనే ఉండేది.

మసేను నా బావమరిది. సముద్రం ఒడ్డున పొడంపేటలో చేపలు పడతాడు. నాకు మేనమామ కొడుకే. అతని చెల్లెలు చిన్నమ్మిని నేను చేసుకుని ఇరవై ఆరేళ్ళయింది. ఏటేటా ముందుకు జరుగుతున్న సముద్రం ఆ ఏడు తుఫానులో వాళ్ళ ఇంటి వెనక గోడను తీసుకుపోయింది. ఎగువన కొత్త ఇల్లు మొదలుపెట్టారు గానీ ఇంకా కప్పు పడలేదు.

"అందాకా మీ మేడ మీద గదిలో తల దాసుకుంటాం బావా. నానూ, చిట్టమ్మా. అంతే" అన్నాడు.

టౌన్లోని గేట్ బజార్‌లో తాళ్ళు, టార్పాలిన్ బరకాలు అమ్మే జగ్గారావుని నేనే. ఇల్లు కొట్టు వెనకే. నాన్న పోయి, పిల్లలు పైఊళ్ళకెళ్ళాక మేడ మీద గది ఖాళీగానే ఉంది. కానీ ఆ ఖాళీ అంటే నాకు మహా ఇష్టం. మధ్యాహ్నాలు అందులో పడుకుంటాను. మసేనుది పడవ మీంచి పడవకు వినిపించే గొంతు. వాళ్ళావిడ చిట్టమ్మ నవ్విందంటే మూడిళ్ళ అవతల కుక్కలు లేస్తాయి. అలాగని ఇల్లు కూలినవాణ్ణి రావద్దనడానికి నోరెలా వస్తుంది? మీరే చెప్పండి.

ఆ సాయంత్రమే తాళ్ళు కొనడానికొచ్చిన రిటైర్డు లెక్చరర్ రామచంద్రరావుగారు నా చేతిలో ఓ కరపత్రం పెట్టి వెళ్ళారు. 'వీగన్ జీవనం: మీ సందేహాలు, మా సమాధానాలు.' మాంసం, చేప, గుడ్డు మాత్రమే కాదు, పాలు, పెరుగు, నెయ్యి, తేనె కూడా వద్దంటుంది ఆ కాగితం. చదువుతుంటే నా బుర్ర తళుక్కుమంది. చేపలు పట్టేవాడు, చేప పొయ్యెక్కని ఇంట్లో నాలుగు రోజులుంటాడా?

వంటింట్లోకి వెళ్ళి గొంతు సవరించుకున్నాను.

"చిన్నమ్మీ, ఇయ్యాల్టి నుంచి నాను వీగన్."

"ఏగనా? ఇరవై ఆరేళ్ళుగా నీతో ఏగతన్నది నాను గదా బావా!"

"ఏగన్ కాదే, వీగన్. జంతువుల నుంచి వచ్చిందేదీ ఇంట్లో ఎవులూ ముట్టకూడదు."

"పాలు?"

"దూడవి."

"తేనె?"

"ఈగలవి."

"నిన్న మూడు సేప ముక్కలు మింగినావు. అయెవులివి?"

"అవి అజ్ఞానంలో తిన్నవి."

బియ్యంలో రాయి కోసం వెతికినట్టు నా మొహంలోకి కాసేపు చూసింది. తర్వాత "సరే" అంది. మా ఇంట్లో సరే అన్నమాట అంత సుళువుగా వచ్చిందంటే నేను జాగ్రత్త పడాలి. పడలేదు. ఆవిడ పెరుగు గిన్నె, నెయ్యి సీసా తీసుకెళ్ళి గోడ మీంచి పక్కింటి సత్యవతిగారికి ఇచ్చేసింది. అప్పగింతల్లో ఆడపిల్ల తండ్రిలా నేను గుమ్మంలో నిలబడ్డాను.

"మీ అన్నకి ఓ మాట సెప్పు. ముందే తెలిస్తే మంచిది పాపం" అన్నాను, గొంతు నిండా దయ నింపుకుని.

ఫోన్ కలిపి స్పీకరు నొక్కింది. అంతా విని మసేను అన్నాడు: "ఓస్, దానికేటి బావా! పట్టిందంతా ఏపారి బుట్టలోకే ఎల్లిపోద్ది. మేం తినేది సద్దన్నం, పచ్చిమిరపకాయే. ఆదోరం బస్సెక్కేస్తన్నాం."

వచ్చారు. గుమ్మం తొక్కేసరికే చిట్టమ్మ ఏదో తలుచుకుని నవ్వింది. కుక్కలు లేచాయి.

వీగన్ భోజనం మసేనుకి ఒంటబట్టింది. ముద్దపప్పు, గుమ్మడికాయ కూర, కొబ్బరి పచ్చడి, అన్నీ మారు వేయించుకునేవాడు. నిజం చెప్పాలంటే చిన్నమ్మి చాలా బాగా వండేది. నా ప్యాంట్లు కూడా వదులయ్యాయి. కానీ నాలుక అన్నది ఒకటుంది గదా. పాలు లేని టీ తాగుతుంటే ఎవరో పోయిన ఇంట్లో కూర్చున్నట్టుండేది. స్వీటు షాపు అద్దంలో విరిగిన పాలతో కాల్చి చేసే ఛెనాపోడ కనిపిస్తే రోడ్డు అవతలికి మారి నడిచేవాణ్ణి.

వారం తిరిగేసరికి నాకు సందేహాలు మొదలయ్యాయి.

"చిన్నమ్మీ, ఇలాగైతే బలం ఎక్కడినుంచొస్తాదే?"

కరపత్రాన్ని అన్నం మెతుకులతో గోడకి అంటించుకుంది ఆవిడ. గరిటెతో చూపిస్తూ చదివింది. "ఒకటో సందేహం. పప్పులు, సెనగలు, సోయా. నీ కంచంలోనే ఉన్నాయి, తిను."

"ఎముకలరిగిపోవూ?"

"రెండు. నువ్వులు, రాగులు, మునగాకు. రాగంబలి ఒంపమంటావా?"

"బీ ట్వెల్వంట, అది..."

"అది మటుకు కూరల్లో దొరకదంట. బిళ్ళ ఏసుకోవాలంట. తెచ్చినాను. నోరు తెరు."

తెరిచాను.

"మరి నోరు ఊరుకోకపోతే?"

"ఆ సందేహం ఈ కాయితంలో నేదు బావా."

పంతొమ్మిదో రోజు మధ్యాహ్నం నేను వీగిపోయాను. కొట్టు మూసి, బస్టాండు దగ్గర ఓ హోటల్లో గోడ వైపు తిరిగి కూర్చుని పండుగప్ప వేపుడు చెప్పాను. మొదటి ముక్క నోట్లో పెట్టుకున్నానో లేదో, వెనక తలుపు తెరుచుకుని నెత్తిన చేపల బుట్టతో మసేను వచ్చాడు. మా ఇంట్లో ఊరికే కూర్చుని తినడం ఇష్టంలేక, రోజూ ఇక్కడికి బుట్టలు మోస్తున్నాడట. మేం తింటున్న గుమ్మడికాయలు ఆ కష్టంతో వచ్చినవేనని నాకు తర్వాత తెలిసింది.

నన్ను చూశాడు. నా చేతిలోని ముక్కను చూశాడు. చూడనట్టు తల తిప్పుకుని వంటగదిలోకి వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండును.

సాయంత్రం ఇంట్లో భోజనాలకి కూర్చున్నాం. మసేను "ఇంకాస్త పప్పేసుకో బావా, సిక్కిపోతన్నావు" అన్నాడు. అంత పెద్ద గొంతువాడు మెల్లగా అన్నాడు. తినేసి మేడెక్కాడు.

చిన్నమ్మి నా చెయ్యి పట్టుకుని వాసన చూసింది.

"రెండుసార్లు సబ్బు రుద్దినట్టున్నావు."

"కొట్టులో దుమ్ము..."

"ఒద్దు. మొదటి రోజే తెలుసు నాకు. మా అన్నకి గది ఇయ్యడం ఇష్టం నేదని సెప్పడానికి నోరు రానేదు నీకు. ఆవుల్నీ, తేనెటీగల్నీ అడ్డమెట్టుకున్నావు. పాపం, ఆటికి తెలుసా నీ సంగతి?"

దొరికిపోయినవాడు ఎదురు తిరుగుతాడు గదా, నేనూ తిరిగాను. "తెలిసీ ఎందుకు ఊరుకున్నావు మరి? నీకూ సేప ముక్క నేకండా పోయింది గదా!"

ఆవిడ నవ్వింది. ఏ కుక్కా లేవని నవ్వు.

"నాకా? ఇన్నాళ్ళూ మీ నాన్నకి నడుం ముక్కలు, నీకు తలకాయ, పిల్లలకి ముల్లు తీసినవి. నా కాడికొచ్చేసరికి పులుసు. పాలు మీ టీలకి, పెరుగు మీ అన్నాల్లోకి, గిన్నె కడిగితే నాకు మజ్జిగ. ఇరవై ఆరేళ్ళుగా నాను వీగనే బావా. పేరే ఇప్పుడు తెలిసింది."

నేను గోడ మీది కరపత్రం వైపు చూశాను. మంచినీళ్ళ చెంబు కోసం దిగిన మసేను మెట్ల మీద నిలబడి ఉన్నాడు. అంతా విన్నాడు.

తెల్లవారాక మూట కట్టాడు. "కప్పు పడనేదు గదా, తొందరేటి?" అన్నాను. నా గొంతు నాకే నచ్చలేదు. "బరకం కట్టుకుంటాం బావా" అన్నాడు. చిట్టమ్మ ఆ పొద్దు నవ్వలేదు. చిన్నమ్మి నా జేబులోంచి తాళం చెవి తీసుకుని కొట్టు తెరిచి, అన్నిటికన్నా పెద్ద బరకం, రెండు చుట్టల తాడు ఆటోలో వేయించింది. వాటి పక్కన తానూ కూర్చుంది.

"నువ్వెక్కడికే?"

"మా అన్న ఇంటికి."

మధ్యాహ్నం బస్సుకి నేనూ వెళ్ళాను. ఎవరూ పిలవలేదు. ఎందుకొచ్చావని కూడా అడగలేదు. గోడల మీద బరకం పట్టుకుని నిలబడ్డాను, మసేను కట్టాడు. తాళ్ళు అమ్మడమే తప్ప ఆ గాలికి నిలిచే ముడి నాకు రాదని తెలిసింది.

ఆ కప్పు కిందే విస్తళ్ళు వేశారు. చిట్టమ్మ చేపల పులుసు దించింది. మసేను పెద్ద తలకాయ ఎంచి ముందు చెల్లెలి విస్తట్లో వేశాడు. నేను నా విస్తరి కాస్త ముందుకు జరిపాను. చిట్టమ్మ వేరే గిన్నె తెచ్చింది.

"అన్నయ్యకి యేరేగా వండినాను. వంకాయ కూర. సేప గరిట కూడా తగలనియ్యనేదు." ఆ మొహంలో వెటకారం లేదు, మర్యాదే ఉంది. నిన్నటి హోటలు సంగతి ఆమెకు ఎవరూ చెప్పినట్టు లేదు.

చేపే వేయమంటుందేమోనని చిన్నమ్మి వైపు చూశాను. ఆవిడ నా వైపు చూడటం లేదు. తలకాయను రెండు చేతులా పట్టుకుని, కళ్ళు మూసుకుని, నిదానంగా జుర్రుకుంటోంది. మోచేతి దాకా కారిన పులుసును తుడుచుకోను కూడా లేదు.

మా ఆవిడకి చేప తలకాయంటే అంత ఇష్టమని నాకు ఆ రోజే తెలిసింది.

నేను వంకాయ కలుపుకున్నాను.