ఎర్ర చుక్క దాటిన అయిదు రోజులు

ఆ ఉదయం గడియారాల మెకానిక్‌కు పెద్ద పనులేమీ లేవు: కాఫీ తాగడం, కొట్టు తెరవడం. పెద్ద పని అతని భార్యది. ఆమె సిటీ బస్సు డ్రైవరు. దూరప్రయాణాల బస్సు ఇమ్మని రెండేళ్లు డిపో చుట్టూ తిరగ్గా తిరగ్గా ఆ మధ్యాహ్నానికి పరీక్ష పెట్టారు. ఆ బస్సు చేతికొచ్చాకే పిల్లల సంగతి అని ఇద్దరూ అనుకున్నారు కూడా.

ఆమె వెళ్లాక కాఫీ కప్పుతో క్యాలెండరు ముందు నిలబడ్డ మెకానిక్ ఎగిరి గంతేశాడు. కిందటి నెల, ఎవరూ అడగకుండానే, భార్య నెలసరి మొదలైన రోజు నుంచి లెక్కపెట్టి సరిగ్గా ఇరవై ఎనిమిదో రోజు మీద ఎర్ర చుక్క పెట్టాడీ మహానుభావుడు. చుక్క దాటి అయిదు రోజులైంది. ఈసారింకా రాలేదని నిన్న ఆమే మాటవరసకు అంది.

సంబరం ఆపుకోలేక అత్తగారికి ఫోన్ చేశాడు.

"అత్తయ్యగారూ, ఎవరికీ చెప్పకండి..."

ఆవిడ నిజంగానే ఎవరికీ చెప్పలేదు. పెట్టె సర్దుకుని బయల్దేరింది, అంతే. ఆ తర్వాత అతనికి భయం పట్టుకుంది. ఇప్పుడంత పెద్ద బస్సు నడపడమా? వెంటనే డిపో మేనేజరుకు ఫోన్ కలిపాడు.

"సార్, ఇవాళ మా ఆవిడ చేత బండి నడిపించకండి. ఒట్టి మనిషి కాదు."

"అయ్యో, ముందే చెప్పొద్దుటండీ!"

మేనేజరు మంచివాడు, అదే వచ్చిన చిక్కు. పరీక్ష జాబితాలో ఆమె పేరు కొట్టేసి, కుర్చీ వేయించి, డ్రైవర్లందరి చేతా చప్పట్లు కొట్టించాడు.

మధ్యాహ్నం ఆమె కొట్టు ముందు దిగేసరికి పెట్టెతో అత్తగారూ దిగింది.

"ఏం చేశారండీ మీరు? రెండేళ్ల కష్టం!" అంటూ భార్య కళ్లనీళ్లు పెట్టుకుంది. "పదండి డాక్టరు దగ్గరికి, ఇప్పుడే తేలిపోవాలి!"

డాక్టరమ్మ పరీక్ష చేసి గర్భం లేదని తేల్చింది. "ఎప్పుడూ ఎన్ని రోజులకొస్తుందమ్మా?"

భార్య సంచిలోంచి చిన్న పుస్తకం తీసింది. "ఇరవై ఆరు, ముప్ఫై మూడు, ఇరవై తొమ్మిది, ముప్ఫై నాలుగు. ఇవాళ్టికి ముప్ఫై మూడండీ."

"శుభ్రంగా ఉంది. ఇరవై ఒకటి నుంచి ముప్ఫై అయిదు దాకా మామూలే, నెలకో తీరుగా రావడమూ సహజమే. మరి ఆలస్యమని ఎవరన్నారు?"

అందరూ మెకానిక్ వైపు చూశారు.

"ఏదైనా టైముకి రావాలి కదండీ..." అని నసిగాడు.

"మీ కొట్టు గోడకి ముప్ఫై గడియారాలున్నాయి," అంది భార్య. "ఏ రెండన్నా ఒకే టైము చూపిస్తున్నాయా?"



ఆమె డాక్టరు చీటీ పట్టుకుని డిపోకు పరుగెత్తింది. మేనేజరు నాలిక్కరుచుకుని నాలుగింటికి మళ్లీ పరీక్ష పెట్టించాడు. ఆరింటికల్లా దూరప్రయాణాల బస్సు ఆమె చేతికొచ్చింది. గేటు బయట గోళ్లు కొరుక్కుంటూ నిలబడ్డ మెకానిక్‌కు పోయిన ప్రాణం లేచొచ్చింది.

"ఇంకెప్పుడూ తేదీల ఊసెత్తనని మాటివ్వండి," అంది భార్య నవ్వుతూ. ఒకటికి రెండుసార్లు ఇచ్చాడు.

అత్తగారు వచ్చి ఇవాళ్టికి ఇరవై రోజులు. ఎప్పుడు వెళ్తారని అడగాలని అతనికి నోటిదాకా వస్తుంది గానీ, మాటిచ్చాడాయె.